బ్రేక్ ప్యాడ్ పెట్టె మీద ఆగే బలం రాయించండి

గౌరవనీయులైన అడ్మినిస్ట్రేటర్ గారికి,
జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ, వాషింగ్టన్ డీసీ.



నేను మిషిగన్ రాష్ట్రంలోని నోవై పట్టణంలో ఉంటున్నాను. మా ఊళ్లోనూ, చుట్టుపక్కల ఫార్మింగ్‌టన్ హిల్స్, కాంటన్, ట్రాయ్‌లలోనూ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలు చేసిచ్చే కంపెనీల్లోనో పనిచేసేవాళ్లు మాలో ఎక్కువ. పికప్ ట్రక్కు ఉన్నవాళ్లూ తక్కువేమీ కాదు. వినాయక చవితికి విగ్రహం తేవాలన్నా, సంఘం పిక్నిక్‌కు వంటపాత్రలు చేరవేయాలన్నా, వేసవిలో ట్రెయిలర్ తగిలించుకుని కొండల వైపు వెళ్లాలన్నా ఆ బండ్లే దిక్కు. మీకు రాసిన ఉత్తరాన్ని తెలుగులో అచ్చు వేయించడానికి కారణం ఉంది. నేను అడుగుతున్నది మీరు మాత్రమే చేయగలిగిన పని. మీరు చేసేదాకా జాగ్రత్తపడాల్సింది మావాళ్లు.

పికప్ బ్రేకులు అరిగాక కొత్త ప్యాడ్లు, రోటర్లు కొనడానికి వెళ్లినవాడికి తెలియాల్సింది ఒక్కటే. ఈ పెట్టెలో ఉన్నవి వేస్తే నా బండి, కంపెనీ నుంచి వచ్చిన రోజున ఆగినట్టే ఆగుతుందా, లేదా? ఈ దేశంలో అమ్ముతున్న ఏ పెట్టె మీదా దీనికి జవాబు రాసి ఉండాలన్న నియమం లేదు. అసలు ఆ ప్యాడ్ ఇంత బలంగా పట్టాలి అని చెప్పే సమాఖ్య ప్రమాణమే లేదు.

తెలుగు పాఠకులు దీన్ని నమ్మడానికి కొంత తటపటాయిస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. చక్రం ఊడదీసి ఆ చుట్టూ ఉన్న సామాను చూడండి. టైరు మీద డాట్ గుర్తు, తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మామూలు ప్యాసింజర్ టైరైతే ఎంతకాలం మన్నుతుంది, తడి రోడ్డు మీద ఎంత పట్టు ఇస్తుంది, వేడిని ఎంత తట్టుకుంటుంది అనే మూడు గ్రేడ్లు కూడా అచ్చువేసి ఉంటాయి. క్యాలిపర్‌కు వెళ్లే రబ్బరు గొట్టానికి మీ 106వ ప్రమాణం ఉంది. అందులో ప్రవహించే ద్రవానికి 116వ ప్రమాణం ఉంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, తేమ పీల్చుకున్న తర్వాత కూడా కనీసం 140 డిగ్రీల దాకా మరగకూడదని అది చెబుతుంది. పగిలిన అద్దం మార్చుకున్నా, దీపం మార్చుకున్నా కొత్త సామాను మీ ప్రమాణాలకు లోబడే ఉండాలి. ఆ గొట్టం, ఆ ద్రవం, క్యాలిపర్ కలిసి చివరికి ఏ ముక్కను రోటర్‌కు అదుముతాయో ఆ ముక్కకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు.

కొత్త బండికి ఉంది. 3,500 కిలోల లోపు స్థూల బరువున్న బండ్లకు 135వ ప్రమాణం, అంతకుమించి హైడ్రాలిక్ బ్రేకులున్న వాటికి 105వది, గాలి బ్రేకులున్న పెద్ద లారీలకు 121వది. 135వ ప్రమాణం ప్రకారం బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 70 మీటర్ల లోపు ఆగాలి. పెడల్ మీద వేసే బలం 500 న్యూటన్లు దాటకూడదు. పూర్తి బరువుతో ఆపి చూస్తారు, ఖాళీగా ఆపి చూస్తారు, బ్రేకులు బాగా వేడెక్కించి మళ్లీ ఆపి చూస్తారు. మంచి పరీక్ష అది. కానీ అది బండికి పెట్టిన పరీక్ష, ప్యాడ్‌కు పెట్టింది కాదు. మొదటి జత ప్యాడ్లు అరిగి ఊడొచ్చిన రోజుతో దాని రక్షణ ఆ ట్రక్కుకు దాదాపుగా తీరిపోతుంది. పికప్ ఇరవై ఏళ్లు తిరుగుతుంది. అందులో మొదటి నాలుగైదేళ్లు తప్ప మిగతా ఆయుష్షంతా పరీక్ష లేని ప్యాడ్ల మీదే నడుస్తుంది.

మరమ్మతు చేసేవాళ్లు, డీలర్లు బండిలోని భద్రతా ఏర్పాటును తెలిసి తెలిసి పాడుచేయకూడదన్న చట్టం ఉందని మీ న్యాయవిభాగం గతంలో ఇలాంటి ప్రశ్నలకు జవాబిస్తూ గుర్తుచేసింది. నిజమే. అయితే తెలుసుకునే మార్గమే లేనప్పుడు మెకానిక్ తెలిసి పాడుచేయడం ఎలా సాధ్యం? ఇక తన ఇంటి ముందు డ్రైవ్‌వేలో తన బండికి తానే ప్యాడ్లు వేసుకునే యజమానికి ఆ చట్టం వర్తించదు కూడా.

ప్యాడ్ మీద అసలేమీ రాసి ఉండదని నేను అనడం లేదు. అంచున ఒక వరుస అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిలో ఎఫ్‌ఎఫ్, జీఎఫ్, ఈఈ లాంటి జంట అక్షరాలు రాపిడి గుణకాన్ని చెబుతాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఇది ఎస్‌ఏఈ జే866 అనే పద్ధతి. కొనేవాడికి ఇది ఆధారంలా కనిపిస్తుంది, మా మిత్రుల్లో చాలామంది దీన్నే చూసి కొంటారు కూడా. కానీ ఆ అక్షరాలు అంగుళం చదరం ముక్కను కోసి ఒక యంత్రంలో డ్రమ్ముకు ఒరిపించి తీసినవి. మీ ట్రక్కు క్యాలిపర్‌లో, మీ ట్రక్కు రోటర్ మీద, మీ ట్రక్కు బరువుతో ఆ ప్యాడ్ ఎలా ప్రవర్తిస్తుందో అవి చెప్పవు. పైగా ఒక్కో అక్షరం పరిధి ఎంత వెడల్పో చూడండి. 0.36 ఉన్నదీ ఎఫ్ అవుతుంది, 0.44 ఉన్నదీ ఎఫ్ అవుతుంది.

అదే అంచున ఇంకో అక్షరం ఉంటుంది: ఏ, బీ, లేదా ఎన్. పెట్టె మీద దానికి తోడుగా ఆకుల బొమ్మ. అది రాగి గురించి. బ్రేకు వేసిన ప్రతిసారీ ప్యాడ్ నుంచి రాలే రాగి ధూళి వానతో కలిసి వాగుల్లోకి చేరి సాల్మన్ చేపలకు హాని చేస్తోందని తేలాక, 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ముందుగా సీసం, పాదరసం, కాడ్మియం, ఆస్‌బెస్టాస్‌ను పక్కనపెట్టించారు. 2021 నుంచి రాగి 5 శాతం మించకూడదన్నారు, 2025 నుంచి 0.5 శాతం మించకూడదన్నారు. 2015లో పరిశ్రమ, రాష్ట్రాలు, సమాఖ్య పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి దీనిపై ఒప్పందం చేసుకున్నాయి, రెండు రాష్ట్రాల నియమం దేశమంతటా ఆచారమైంది. ఇది చాలా మంచి పని. దీన్ని నేను మనసారా మెచ్చుకుంటున్నాను. ప్యాడ్ తయారీదారులు తమ మిశ్రమాలను మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాల్సి వచ్చింది, కలుపుకున్నారు. అంచున అచ్చు మార్చాల్సి వచ్చింది, మార్చారు. కనుక గుర్తు వేయడం అసాధ్యమని ఇక ఎవరూ అనలేరు. వాగులోని చేపకు ఆ ప్యాడ్ ఎంత సురక్షితమో అంచున అక్షరం చెబుతోంది. రోడ్డు దాటుతున్న బిడ్డకు ఎంత సురక్షితమో చెప్పే అక్షరం కూడా దాని పక్కన ఉండాలి.

రాగి సంగతి ఇక్కడ ఇంకో కారణానికి కూడా ముఖ్యం. ప్యాడ్‌లో రాగి వేడిని పంచేది, రాపిడిని నిలకడగా ఉంచేది. దాన్ని తీసేశాక ఆ పనిని వేరే పదార్థాలతో చేయించాలి. పెద్ద పేరున్న కంపెనీలు ఏళ్ల తరబడి పరీక్షించి ఆ మార్పు చేసుకున్నాయి. చిన్న కర్మాగారాలన్నీ అంత శ్రద్ధగా చేసుకున్నాయా? మన దగ్గర కొలత లేదు కాబట్టి అడగడానికి కూడా ఆధారం లేదు.

దుకాణానికి వెళ్దాం. ఒకే ట్రక్కుకు ముందు ప్యాడ్లు పాతిక ముప్పై డాలర్ల నుంచి వంద దాటిన ధర దాకా ఉంటాయి. రోటర్లూ అంతే. పెట్టెల మీద రాసేవి మూడు మాటలు. చప్పుడు రాదు. బూడిద రాలదు. జీవితకాలం వారంటీ. ఈ మూడూ కొనేవాడు ఇంటికెళ్లాక గమనించగలిగే సంగతులు. కీచుమంటే తిరిగి తెస్తాడు, అల్లాయ్ చక్రం నల్లబడితే తిరిగి తెస్తాడు, త్వరగా అరిగితే వారంటీ కాగితం పట్టుకుని వస్తాడు. కాబట్టి తయారీదారు తెలివినంతా ఆ మూడింటి మీదే పెడతాడు. అతన్ని తప్పుపట్టను, గిరాకీ అడిగింది చేస్తున్నాడు. ఆగే దూరం పది మీటర్లు పెరిగిన సంగతి మాత్రం కొనేవాడికి మామూలు రోజుల్లో తెలియనే తెలియదు. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆపుకునే మనిషి ఏ ప్యాడ్‌తోనైనా ఆపుకుంటాడు. ఆ లోటు బయటపడేది ఏ ఒక్క రోజో. ఆ రోజు తిరిగి తెచ్చి ఇవ్వడానికి వీలుండదు. బజారు తనంతట తాను సరిదిద్దుకోలేని లోపం ఇది. ఇలాంటి చోట కోసమే 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది, 1970లో మీ సంస్థ ఏర్పడింది.

పికప్ విషయంలో ఇది మరీ ముఖ్యం ఎందుకంటే అది ఒకే బండి అయినా దాని బరువు రోజుకొకటి. ఉదయం ఆఫీసుకు ఖాళీగా వెళ్తుంది. శనివారం మట్టి బస్తాలు మోస్తుంది. వేసవిలో ట్రెయిలర్ లాగుతుంది. మా పక్కనే డియర్‌బోర్న్‌లో తయారయ్యే ఫోర్డ్ ఎఫ్-150ని తీసుకున్నా, షెవర్లే సిల్వరాడో, రామ్ 1500, టొయోటా టండ్రాలను తీసుకున్నా సంగతి ఒకటే. ప్రయాణికులు, సామాను కలిపి 3,000 కిలోలున్న పికప్‌ను గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే, ఆ ఒక్కసారికే రోటర్లు మింగాల్సిన వేడి మూడున్నర లీటర్ల చన్నీళ్లను ఎసరులా మరిగించడానికి సరిపోతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు.

ఇక కొండ దిగడం. మిషిగన్, ఒహాయో తెలుగువాళ్లు సెలవులు దొరికితే 75వ నంబరు రహదారి పట్టుకుని టెనెసీలోని గ్రేట్ స్మోకీ పర్వతాలకు వెళ్తారు. అక్కడ న్యూఫౌండ్ గ్యాప్ కనుమ ఎత్తు 5,046 అడుగులు. గాట్లిన్‌బర్గ్ దాకా దాదాపు 3,700 అడుగులు దిగాలి. ఇంజన్ సాయం, గాలి అడ్డు లేకుండా బ్రేకుల మీదే దిగితే అదే 3,000 కిలోల బండి, పైన చెప్పినట్టు పూర్తిగా ఆగడం సుమారు 29 సార్లు చేసినంత వేడిని రోటర్లలోకి దించుతుంది. ట్రెయిలర్ ఉంటే, దాని బ్రేకులు సరిగా పనిచేయకపోతే, ఇంకా ఎక్కువ. మన శ్రీశైలం ఘాట్‌లోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో లారీ నడిపిన ఏ డ్రైవరూ గేరు తగ్గించకుండా దిగడు. కొండ ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు అని క్లీనర్లకు నేర్పేది అందుకే. ఇక్కడ ఆటోమేటిక్ గేర్లతో పెరిగినవాళ్లకు ఆ అలవాటు తక్కువ. టో మోడ్ నొక్కితే బండే గేరు తగ్గించుకుంటుందని తెలియని యజమానులు చాలామంది ఉన్నారు.

అంత వేడిలో ప్యాడ్‌లో ఏం జరుగుతుంది? పదార్థాలను కలిపి పట్టి ఉంచే ఫినాలిక్ రెజిన్ అనే బంక విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, రాపిడి పడిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ద్రవం మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది. రెండూ వేరు వేరు ప్రమాదాలు. రెండోదానికి ప్రమాణం పెట్టారు, మొదటిదాన్ని వదిలేశారు.

రోటర్ సంగతి ప్యాడ్ కంటే తక్కువ మాట్లాడతారు, నా దృష్టిలో అది తప్పు. రోటర్ అంటే బూడిదరంగు పోత ఇనుము. అందులోని గ్రాఫైట్ రేకులే వేడిని లాగుతాయి, మోతను చంపుతాయి. పికప్ ముందు రోటర్ రెండు పలకలుగా ఉండి మధ్యలో గాలి వెళ్లే రెక్కలుంటాయి. చౌకగా చేయాలనుకున్నవాడు బయటి కొలతలు, అంటే వ్యాసం, మొత్తం మందం, సరిగానే ఉంచి, లోపల పలకల మందం తగ్గించి రెక్కల సందు పెంచితే చాలు. క్యాలిపర్‌లో చక్కగా కూర్చుంటుంది. ఇనుము మాత్రం తక్కువ, కాబట్టి వేడిని దాచుకునే చోటూ తక్కువ. పై నుంచి చూస్తే తేడా కనిపించదు. దుకాణంలో రెండు రోటర్లనూ ఎత్తి చూడండి, లేదా వెబ్‌సైట్‌లో బరువు చూడండి. ఒకే బండికి చెప్పిన రెండు రోటర్ల మధ్య నాలుగైదు పౌండ్ల తేడా ఉందంటే తేలికైనదాన్ని అక్కడే పెట్టేయండి. ఇంత ముఖ్యమైన సంగతిని తూకం వేసి తెలుసుకోవాల్సిన గతి కొనేవాడికి ఎందుకు పట్టాలో చెప్పండి.

మా రాష్ట్రంలో దీనికి తోడు ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. చలికాలంలో ఆ ఉప్పే మా రోడ్ల మీద చల్లుతారు. ప్యాడ్ వెనకాల ఉక్కు పలకకు సరైన పూత లేకపోతే, దానికీ రాపిడి పదార్థానికీ మధ్య తుప్పు పెరిగి పదార్థాన్ని పొరలా పైకి లేపేస్తుంది. ప్యాడ్ ఇంకా సగం మందం ఉంటుంది, ముక్క మాత్రం ఊడి వస్తుంది. జస్తా పూత పూసిన పలకలు, జిగురుతో పాటు ఉక్కు కొక్కేలతో కూడా పదార్థాన్ని పట్టి ఉంచే పలకలు బజారులో ఉన్నాయి. ఉప్పు రోడ్ల మీద తిరిగేవాళ్లు అవే కొనాలి. రోటర్ కూడా పూత ఉన్నదే మంచిది. ప్యాడ్ ఒరిసే ముఖం మీద పూత మొదటి రోజే పోతుంది, కానీ మధ్య టోపీ భాగం, రెక్కలు తుప్పు పట్టకుండా నిలుస్తాయి.

నియమం వచ్చేదాకా ఎలా ఎంచుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. బండి ఖాళీగా తిరిగేదైతే కంపెనీ ప్యాడ్లు గానీ, కంపెనీలకు అసలు భాగాలు సరఫరా చేసే పేరున్న తయారీదారుల సిరామిక్ ప్యాడ్లు గానీ చాలు. ట్రెయిలర్ లాగేవాళ్లు, కొండలకు వెళ్లేవాళ్లు సెమీ మెటాలిక్, లేదా పోలీసు బండ్లకూ భారీ పనికీ అని అమ్మేవి తీసుకోండి. చలిలో మొదటి ఒకటి రెండు సార్లు కాస్త కీచుమన్నా, బూడిద ఎక్కువ రాలినా ఓర్చుకోండి. చిల్లులు పొడిచిన రోటర్లు చూడటానికి బాగుంటాయి. బరువు లాగే ట్రక్కుకు అవి వద్దు, వేడికీ చలికీ చిల్లుల అంచుల నుంచే బీటలు మొదలవుతాయి. సాదా రోటర్, మందంగా, పూతతో. ప్యాడ్లు మార్చేటప్పుడు పాత రోటర్ మందం కొలిపించండి, కనీస మందం ఎంతో సాధారణంగా రోటర్ మీదే పోతపోసి ఉంటుంది.

పెడల్ దడదడలాడితే రోటర్ వంకరపోయిందంటారు. చాలాసార్లు అది వంకర కాదు. హబ్ ముఖం మీద తుప్పు తుడవకుండా కొత్త రోటర్ ఎక్కించడం వల్ల అది వెంట్రుకవాసి పక్కకు ఊగుతూ తిరుగుతుంది, ప్యాడ్ ఒకేచోట తగిలి తగిలి మందం అసమానమవుతుంది. హబ్‌ను ఉక్కు బ్రష్‌తో మెరిసేలా రుద్దించండి. చక్రం నట్లు గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి, టార్క్ రెంచితో బిగించమనండి. ఇటీవలి ఎఫ్-150కి 150 ఫుట్ పౌండ్లు, సిల్వరాడో 1500కి 140. క్యాలిపర్ జారే పిన్నులకు కొత్త గ్రీజు పెట్టించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మధ్యరకం వేగం నుంచి పలుమార్లు నెమ్మదించి, మధ్య మధ్య చల్లారనిచ్చి ప్యాడ్‌నూ రోటర్‌నూ ఒకదానికొకటి అలవాటు చేయండి. చాలామంది మెకానిక్‌లు ఈ చివరి పని చేయరు, చెప్పరు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా మూల ప్రశ్న అలాగే ఉంటుంది. నేను చెప్పిన తయారీదారుల పేరును నమ్ముతున్నాను, పరీక్షా ఫలితాన్ని కాదు.

మీ సంస్థ ఏమంటుందో నాకు తెలుసు. 2015లో మీరే ప్రకటించిన లెక్క ప్రకారం ప్రమాదాల్లో కీలక కారణం 94 శాతం డ్రైవర్లది, బండి లోపం కేవలం 2 శాతం. ఆ 2 శాతంలో టైర్లది 35 శాతం, బ్రేకులది 22 శాతం. ఇంత చిన్న భాగానికి కొత్త నియమం ఎందుకని అడగవచ్చు. ఆ లెక్క ఎలా తయారైందో ఆలోచించండి. ప్రమాదం జరిగిన చోట అధికారికి కనిపించేవి తెగిన గొట్టం, కారిన ద్రవం, ఇనుము దాకా అరిగిన ప్యాడ్. మందంగా, కొత్తగా ఉండి బలహీనంగా పట్టే ప్యాడ్ ఏ కంటికీ కనిపించదు. అదే పెడల్ బలానికి ప్యాడ్ పట్టు 15 శాతం తగ్గిందనుకుందాం. 70 మీటర్లలో ఆగాల్సిన బండి 82 మీటర్లకు ఆగుతుంది. పన్నెండు మీటర్లంటే రెండు పికప్‌ల పొడవు. ఎండిన రోడ్డు మీద, చల్లటి బ్రేకులతో, డ్రైవరు కాలిబలమంతా వేసి తొక్కితే ఈ తేడా తగ్గుతుందన్నది నిజమే. బరువుతో, వేడెక్కిన బ్రేకులతో, భయంతో సగం తొక్కిన పెడల్‌తో అది తగ్గదు. అలా ముందు బండిని గుద్దుకుంటే కాగితం మీద ఏం రాస్తారు? దూరం పాటించలేదని, ఆలస్యంగా స్పందించాడని. ఆ ప్రమాదం 94 శాతంలోకి వెళ్లిపోతుంది. కొలవని లోపం లెక్కలో కనిపించడం లేదు కాబట్టి కొలవనవసరం లేదనడం న్యాయం కాదు.

రాష్ట్రాల తనిఖీలు ఆ లోటును పూడుస్తాయనుకోవడానికీ లేదు. మా మిషిగన్‌లో సొంత బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ లేదు. ఎంతోమంది తెలుగువాళ్లున్న టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్ల భద్రతా తనిఖీ ఎత్తేశారు, ఏడున్నర డాలర్ల రుసుము మాత్రం కొనసాగుతోంది. నా పికప్ బ్రేకులను ప్రభుత్వం తరఫున పరిశీలించిన ఒకే ఒక్క చోటు కొలరాడోలోని పైక్స్ పీక్. 14,115 అడుగుల శిఖరం నుంచి దిగేటప్పుడు దారిలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజరు బండి ఆపి, బ్రేకుల వేడి కొలిచి, మరీ వేడిగా ఉంటే చల్లారేదాకా పక్కన ఆగమంటాడు. కొలరాడో స్ప్రింగ్స్ నగరపాలక సంస్థ తన కొండ రోడ్డు మీద చేస్తున్న పని అది. తిరుమల కొండ దిగే బండ్లకు కనీస సమయం పెట్టడం వెనకాలా ఇదే ఆలోచన. స్థానిక సంస్థలకు ఉన్న శ్రద్ధను దేశస్థాయిలో చూపించే అధికారం మీకుంది.

దారి కూడా కొత్తగా వేయనక్కర్లేదు. ఐరోపాలో ఆర్90 అనే నియమం ఉంది. మార్చి వేసే ప్యాడ్ పట్టు, కంపెనీ నుంచి వచ్చిన ప్యాడ్ పట్టుకు పైకైనా కిందికైనా 15 శాతం కంటే ఎక్కువ తేడాతో ఉండకూడదు. మొదట ప్యాడ్లకు పెట్టి, తర్వాత రోటర్లకూ డ్రమ్ములకూ విస్తరించారు. రోటర్లను వేడికి పగులుతాయేమో పరీక్షిస్తారు. ఆమోదం పొందినదానికి వలయంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, ఏ దేశం ఆమోదించిందో దాని సంఖ్య ఉంటాయి. అమెరికాలోనే ఎస్‌ఏఈ జే2430 అనే డైనమోమీటర్ పద్ధతి 1999 నుంచి ఉంది. కార్ల, తేలికపాటి ట్రక్కుల ప్యాడ్ల కోసమే దాన్ని రాశారు. పరిశ్రమ సొంతంగా బీప్, డీ3ఈఏ అనే పరీక్షా పథకాలు కూడా తెచ్చింది. ఇష్టమైతే చేయించుకోవచ్చు, లేకపోతే లేదు. అందుకే ఆ గుర్తులు దుకాణంలో కనిపించడం అరుదు. పెద్ద లారీల విషయంలో 2009లో మీరు ట్రాక్టర్లు 60 మైళ్ల వేగం నుంచి ఆగాల్సిన దూరాన్ని 355 అడుగుల నుంచి 250కి తగ్గించారు. లారీ సంఘాల సాంకేతిక మండలి ఆర్‌పీ 628 పేరుతో మార్చి వేసే లైనింగుల పట్టును పోల్చి చూసే పట్టిక నడుపుతోంది. వందల లారీలున్న కంపెనీ మేనేజరుకు దొరికే సమాచారం ఒక్క పికప్ ఉన్న మనిషికి దొరకడం లేదు.

ధర పెరుగుతుందన్న భయం నాకూ ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థులు పాత బండి కొనుక్కుని, ప్యాడ్లు ఇనుము దాకా అరిగాక గానీ మార్చరు. నలభై డాలర్ల పని వందైతే ఇంకా వాయిదా వేస్తారు. అరిగిన మంచి ప్యాడ్ కంటే కొత్త నాసిరకం ప్యాడే నయమన్న వాదనలో నిజముంది. అందుకే నిషేధంతో మొదలుపెట్టమని నేను అడగడం లేదు. చెప్పమని అడుగుతున్నాను. ఆర్90 ఉన్న దేశాల్లో చౌక ప్యాడ్లూ అమ్ముతున్నారు, గుర్తుతో అమ్ముతున్నారు. ధర తక్కువైనా పట్టు బాగున్న ప్యాడ్ ఏదో తెలిస్తే మొదట లాభపడేది ఆ విద్యార్థే.

కనుక నా విన్నపాలు ఇవి. 10,000 పౌండ్ల లోపు బండ్లకు మార్చి వేసే ప్రతి ప్యాడ్ పెట్టె మీద, ఏ ట్రక్కుకు అమ్ముతున్నారో ఆ ట్రక్కు అసలు ప్యాడ్‌తో పోలిస్తే చల్లగా ఉన్నప్పుడు ఎంత శాతం పట్టు, వేడెక్కినప్పుడు ఎంత శాతం పట్టు అన్న రెండు అంకెలు తప్పనిసరి చేయండి. జే2430నే ఆధారం చేసుకోండి. ట్రెయిలర్ లాగడానికి అని ప్రచారం చేసుకునే ప్యాడ్లకు ట్రెయిలర్ బరువుతో కలిపిన పరీక్ష పెట్టండి. రోటర్ల మీద తూకం, కనీస మందం, తయారైన చోటు, తేదీ అచ్చువేయించండి. ఒహాయోలోని ఈస్ట్ లిబర్టీలో మీకు సొంత పరీక్షా కేంద్రం ఉంది. అత్యధికంగా అమ్ముడయ్యే నాలుగైదు పికప్‌లకు దుకాణాల్లో దొరికే ప్యాడ్లను మామూలు కొనుగోలుదారులా కొని, అక్కడ పరీక్షించి, పేర్లతో సహా ఫలితాలు బయటపెట్టండి. పిల్లల కారు సీటుతో పాటు నమోదు కార్డు ఇచ్చినట్టే ప్యాడ్లతోనూ ఇప్పించండి. లోపం తేలితే వెనక్కి రప్పించే బాధ్యత తయారీదారుకు ఇప్పటికే ఉంది, కానీ ఎవరు కొన్నారో తెలియకుండా ఎవరిని పిలుస్తారు?

పాఠకులకు ఒక మాట. కొత్త ప్యాడ్లు వేశాక బండి సరిగా ఆగడం లేదనిపిస్తే, పదార్థం పలక నుంచి ఊడితే, మెకానిక్‌తో చెప్పి ఊరుకోకండి. ఈ సంస్థకు ఫిర్యాదు చేయండి. విడిభాగాల మీద కూడా ఫిర్యాదు తీసుకుంటారు. హాట్‌లైన్ 888-327-4236. ప్యాడ్ అంచున ఉన్న అక్షరాల ఫోటో, పెట్టె, రసీదు దాచి ఉంచండి.

అడ్మినిస్ట్రేటర్ గారూ, భద్రతా ప్రమాణం కోసం ఆసక్తి ఉన్న ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చని, 120 రోజుల్లో దాన్ని ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో జరగాలని చట్టం చెబుతోంది. పై విన్నపాలనే ఇంగ్లీషులో అర్జీగా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తోసిపుచ్చాల్సి వస్తే, ప్యాడ్ల పట్టుపై మీ దగ్గర ఉన్న కొలతలేమిటో, ఏ ప్యాడ్లను ఏ సంవత్సరంలో పరీక్షించి ఆ నిర్ణయానికి వచ్చారో ఆ జవాబులోనే రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
నోవై, మిషిగన్.